కూల్చబోయి నిలుపుకున్న కట్టడాలు

పిల్లలూ, జర్నల్ స్క్వేర్ రైలు స్టేషను నుండి బయటకు వచ్చినప్పుడు ఒకసారి తల ఎత్తి చూడండి. ఎదుట శిల్పాలతో నిండిన ఒక పాత భవనం కనిపిస్తుంది. దాని నెత్తిన ఒక గడియారం. గడియారానికి పైన గుర్రమెక్కిన ఒక వీరుడు, అతని ఎదుట ఒక ఘటసర్పం. ఆ వీరుని పేరు సెయింట్ జార్జ్. మహిషాసురుని మర్దించే దుర్గాదేవి రూపం మనకు ఎంత పరిచితమో, ఐరోపా దేశాలవారికి ఈ రూపం అంత పరిచితం. కొత్తలో పావుగంటకొకసారి గంట మోగేది. మోగగానే వీరుడు ముందుకు వంగి ఈటెతో సర్పాన్ని పొడిచేవాడు, సర్పం నోటిలో ఎర్రని దీపం వెలిగేది. దారిన పోయేవారు ఆగి చూసేవారు. అలా ఆగి చూడాలనే దానిని అక్కడ పెట్టారు, ఎందుకంటే అది ఒక సినిమా హాలు.

దాని పేరు లోస్ జెర్సీ థియేటర్. ఈ ఊరి పెద్దలు మాత్రం దానిని ‘లోయీస్’ అని పలుకుతారు. అలా పలికినవారు చాలాకాలంగా ఇక్కడ నివసిస్తున్నవారని గుర్తుపట్టవచ్చు! 1929 సెప్టెంబరు 28న అది ప్రారంభమైంది. రాప్ అండ్ రాప్ అనే పేరుగల శిల్పుల సంస్థ దానికి రూపకల్పన చేసింది. అప్పటి లెక్కలో దాదాపు 20 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. ఒకేసారి సుమారు 3,000 మంది కూర్చునే హాలు అది. ఆ కాలంలో ఇటువంటి హాళ్లను ‘సినిమా రాజభవనాలు’ అనేవారు. టిక్కెట్టు కొన్న కూలివాడు కూడా ఆ రెండు గంటలూ రాజువలె ఉండాలని వాటిని కట్టినవారి ఆలోచన. అందుకే లోపల ఎత్తైన స్తంభాలు, బంగారు పూత నగిషీలు, పెద్ద దీపాల గుత్తులు అమర్చారు. బొమ్మ మొదలయ్యే ముందు వాయించడానికి గొట్టాలతో కూడిన ఒక మహావాద్యం, ఆర్గన్, ఉండేది.

ప్రారంభమైన నెలరోజులకే అమెరికా షేర్ మార్కెట్టు కూలిపోయింది. ఆ తరువాత దేశమంతటా ఉద్యోగాలు పోయిన గడ్డుకాలం వచ్చింది. అంతటి వైభవంతో మరో హాలు కట్టే రోజులు అంతటితో ముగిశాయి. ఒక విధంగా చూస్తే లోస్ జెర్సీ తన వంశంలో చివరి బిడ్డలలో ఒకటి.

తరువాత ఇంటింటికీ టెలివిజన్ వచ్చింది. జనం పెద్ద హాళ్లకు రావడం తగ్గింది. 1974లో ఆ ఒక్క హాలును గోడలతో విడదీసి మూడు చిన్న హాళ్లుగా మార్చారు. రాజభవనంలో అడ్డుగోడలు కట్టి అద్దె గదులు చేసినట్లయింది. అయినా గిట్టుబాటు కాలేదు. 1986 ఆగస్టులో థియేటర్ మూతపడింది. దానిని కొనుక్కున్నవారు ఆ చోట కార్యాలయాల భవనం కట్టదలచారు. అంటే థియేటర్‌ను కూల్చివేయాలి.

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. ఊరివారు కొందరు వీధిలో నిలబడి సంతకాలు సేకరించసాగారు. 10,000 మందికి పైగా సంతకం చేశారు. నగరసభ సమావేశాలకు వెళ్లి మాట్లాడారు, మళ్లీ వెళ్లారు. ఏడేళ్లు గడిచాయి. చివరకు 1993లో నగరపాలక సంస్థ ఆ భవనాన్ని 3,25,000 డాలర్లకు కొన్నది. కొన్నంత మాత్రాన పని కాలేదు. పైకప్పు కారుతున్నది, విద్యుత్ తీగలు పాతబడ్డాయి, నిలువెల్లా దుమ్ము. బాగుచేయడానికి కావలసినంత డబ్బు లేదు. అప్పుడు స్వచ్ఛంద సేవకులు వారాంతాలలో వచ్చి, అడ్డుగోడలు తొలగించి, కుర్చీలు బిగించి, తెరలు శుభ్రపరచి, వేదిక వెనుక యంత్రాలను నడిపించారు. వారిలో వడ్రంగులు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, విశ్రాంత ఉద్యోగులు, ఇలా తమ తమ పనులు ముగించుకొని వచ్చే మామూలు మనుషులే ఎక్కువ. మళ్లీ సినిమాలు, కచేరీలు జరిగాయి. 2021లో నగరం మరింత పెద్దయెత్తున పునరుద్ధరణకు ఒప్పందం చేసుకున్నది. సేవకులు ఆ వారాంతాలలో పనిచేయకపోయి ఉంటే ఒప్పందం చేసుకోవడానికి భవనమే మిగిలేది కాదని నా అభిప్రాయం.

న్యూయార్క్ పరిసరాలలో ఈ కుటుంబానికి చెందిన హాళ్లు ఐదు కట్టారు. వాటిని ‘అద్భుత థియేటర్లు’ అనేవారు. ఐదూ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో కొన్ని ప్రార్థనా మందిరాలుగా మారాయి. మన జర్నల్ స్క్వేర్‌లోనే, లోస్‌కు కొద్ది దూరంలో, 1928లో తెరచిన స్టాన్లీ థియేటర్ కథ కూడా అటువంటిదే. దానిని 1983లో ఒక క్రైస్తవ సంఘం కొని, శుభ్రపరచి, తమ సభామందిరం చేసుకున్నది. సినిమా లేదు, కాని భవనం చక్కగా ఉన్నది. పాత భవనానికి కొత్త పని దొరకడం కూడా ఒక అదృష్టమే.

ఇప్పుడు మీకొక సందేహం రావచ్చు. పాత భవనాలను కాపాడడానికి చట్టం లేదా? ఉన్నది. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే హడ్సన్ నది దాటి న్యూయార్క్‌కు వెళ్లాలి. అక్కడ పెన్సిల్వేనియా స్టేషను అనే మహా రైలు స్టేషను ఉండేది. 1963లో దానిని కూల్చడం మొదలుపెట్టారు. అంతటి కట్టడాన్ని కూడా కూల్చగలరా అని జనం నివ్వెరపోయారు. మూడేళ్ల తరువాత, 1966లో, అమెరికా ప్రభుత్వం చారిత్రక కట్టడాల పరిరక్షణకు చట్టం చేసింది. దాని ప్రకారం ఒక జాతీయ పట్టిక ఏర్పడింది. సాధారణంగా 50 సంవత్సరాలు నిండిన కట్టడాలనే అందులో చేరుస్తారు. అంటే ఆ పట్టికలోని భవనాలలో చాలావరకు మీ అమ్మానాన్నల కంటే పెద్దవి.

అయితే ఒక మెలిక ఉన్నది. ఆ పట్టికలో పేరు చేరినంత మాత్రాన భవనానికి పూర్తి రక్షణ రాదు. ప్రభుత్వం తన డబ్బుతో చేసే పనుల వల్ల దానికి హాని కలుగుతుందా అని ముందుగా విచారించాలి. అంతవరకే. సొంతదారు తన సొంత డబ్బుతో కూల్చదలచుకుంటే ఆ పట్టిక ఒక్కటే అతనిని ఆపలేదు. ఆపగలిగేవి ఊరి నిబంధనలు. మన జెర్సీ సిటీలో పౌలస్ హుక్, వాన్ వోర్స్ట్ పార్క్, హామిల్టన్ పార్క్, హార్సిమస్ కోవ్ అనే పాత పేటలకు అటువంటి నిబంధనలు ఉన్నాయి. అక్కడ వీధి వైపు కిటికీ మార్చాలన్నా, ముందరి మెట్లు మార్చాలన్నా నగరంలోని చారిత్రక పరిరక్షణ సంఘం అనుమతి పొందాలి. మీలో ఎవరైనా ఆ పేటల్లో ఉంటే మీ వీధిలోని ఇటుక ఇళ్లన్నీ ఒకే వరుసలో, ఒకే పోలికతో ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఆ జాతీయ పట్టికలో తొలినాళ్లలోనే చేరిన మన ఊరి భవనం ఒకటున్నది. మనం కూరగాయలకు, మిఠాయిలకు వెళ్లే ఇండియా స్క్వేర్ నూవార్క్ అవెన్యూలో ఉన్నది కదా. అదే వీధిని పట్టుకొని జర్నల్ స్క్వేర్ దాటి నది వైపు నడిస్తే గ్రానైట్ రాతితో కట్టిన ఒక గంభీరమైన భవనం వస్తుంది. అది హడ్సన్ కౌంటీ న్యాయస్థానం. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. హ్యూ రాబర్ట్స్ అనే శిల్పి రూపకల్పనతో 1910లో అది పూర్తయింది. లోపల నాలుగు వైపులా అంతస్తులు, నడుమ ఆకాశం కనిపించేంత ఎత్తున ఖాళీ, దానిపైన రంగుటద్దాల గుమ్మటం. గోడల మీద ఆనాటి పేరుపొందిన చిత్రకారులు వేసిన పెద్ద పెద్ద చిత్రాలున్నాయి. వారిలో ఫ్రాన్సిస్ మిల్లెట్ అనే ఆయన 1912లో టైటానిక్ ఓడతో పాటు మునిగిపోయాడు. ఆయన కుంచె పని మాత్రం మన ఊరిలో మిగిలింది.

1966లో పక్కనే కొత్త కార్యాలయ భవనం కట్టి న్యాయమూర్తులందరూ అక్కడికి వెళ్లిపోయారు. పాత భవనం ఖాళీ అయింది. ఖాళీ ఇల్లు ఎంత త్వరగా పాడవుతుందో మీ తాతగారి ఊరిలో తాళం వేసిన ఇంటిని చూసినవారికి తెలుస్తుంది. కిటికీలు పగిలాయి, దొంగలు పడ్డారు, కూల్చేద్దామన్న మాట కూడా వచ్చింది. అప్పుడు దానికోసం పోరాడినవారిలో థియొడోర్ కాన్రాడ్ ఒకరు. ఆయన వృత్తి విచిత్రమైనది. కట్టబోయే భవనాలకు చిన్న చిన్న నమూనాలు తయారుచేసేవాడు. న్యూయార్క్‌లోని కొత్త గాజు మేడలు ఎన్నో మొదట ఆయన చేతిలో బొమ్మలుగా పుట్టాయి. కొత్త మేడలకు నమూనాలు చేసిన చేతులే పాత భవనాన్ని కాపాడడానికి ముందుకు రావడం నాకు ఎంతో నచ్చిన విషయం. 1970లో భవనం జాతీయ పట్టికలో చేరింది. ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగాయి. 1984లో దానికి సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం బ్రెనన్ పేరు పెట్టారు. 1985 నాటికి మళ్లీ అందులో కోర్టు మొదలైంది. ఇప్పుడది ప్రదర్శనశాల కాదు, అక్కడ నిజంగా తీర్పులు చెబుతారు. దానికి పాత పనే తిరిగి దొరికింది.

ఆ న్యాయస్థానపు గోడచిత్రాలలో డచ్చివారు కనిపిస్తారు. ఎందుకంటే ఈ ఊరి కథ వారితోనే మొదలైంది. 1660లో న్యూ నెదర్లాండ్ పాలకుడైన పీటర్ స్టైవెసాంట్ అనుమతితో ఇక్కడి గుట్టమీద బెర్గెన్ అనే గ్రామం వెలసింది. న్యూజెర్సీలో స్వపరిపాలన పొందిన తొలి ఊరు అదే. నలుచదరంగా గీసిన ఆ గ్రామపు నడిబొడ్డు నేటికీ బెర్గెన్ స్క్వేర్ పేరుతో బెర్గెన్ అవెన్యూ, అకాడమీ స్ట్రీట్ కలిసే చోట ఉన్నది. ఆనాటి ఇళ్లు లేవు. కాని వీధుల గీత అలాగే నిలిచింది. భవనం పోయినా దారి మిగలవచ్చు. నాలుగు వందల ఏళ్లకు దగ్గరవుతున్న గీత మీద ఇప్పుడు బస్సులు తిరుగుతున్నాయి.

ఇదే డచ్చివారు మన తెలుగు తీరానికి కూడా వచ్చారు, బెర్గెన్ కంటే ముందే. 1605లో వారు మచిలీపట్నంలో దిగారు. ఇక్కడ వారు కొన్నది బీవరు అనే జంతువు తోలు. అక్కడ వారు కొన్నది మన నేతగాళ్లు నేసిన, అద్దకం చేసిన నూలుబట్ట. ఇక్కడి వ్యాపారం డచ్చి వెస్టిండియా కంపెనీది, అక్కడిది ఈస్టిండియా కంపెనీది. ఒకే దేశపు రెండు సంస్థలు భూమికి రెండు వైపులా ఒకే కాలంలో పనిచేశాయి. విశాఖపట్నం పక్కన భీమునిపట్నంలో కూడా వారు స్థిరపడ్డారు. భీమిలి అని పిలుచుకునే ఆ చిన్న ఊరు ఒకప్పుడు మన దేశంలోని అతి పాత పురపాలక సంఘాలలో ఒకటిగా ఉండేది. అక్కడ సముద్రపు ఒడ్డుకు దగ్గరలో డచ్చివారి శ్మశానవాటిక ఉన్నది. కొన్ని సమాధులు గోపురాలవలె మొన తేలి ఉంటాయి. రాళ్లమీద డచ్చి భాషలో చెక్కిన పేర్లున్నాయి. బెర్గెన్ 1664లో ఇంగ్లీషువారి చేతికి పోయింది. భీమిలి 1825లో అదే దారి పట్టింది. వేసవి సెలవులకు విశాఖ వెళ్లేవారు భీమిలి తీరంలో ఇసుకలో ఆడుకున్న తరువాత ఆ రాళ్ల దగ్గర కూడా కాసేపు ఆగండి. మీరు చదువుకునే ఊరికీ మీ అమ్మమ్మగారి ఊరికీ మధ్యనున్న పాత చుట్టరికం అది.

అయితే పోరాడిన ప్రతి చోటా, కోరిన ప్రతి భవనమూ నిలిచిందని అనుకోవద్దు. మన ఊరికి పశ్చిమాన, నూవార్క్ అఖాతం ఒడ్డున, 1937లో కట్టిన రూజ్‌వెల్ట్ స్టేడియం ఉండేది. 1946 ఏప్రిల్ 18న అక్కడ జాకీ రాబిన్సన్ బేస్‌బాల్ ఆడాడు. అప్పటివరకు శ్వేతజాతి ఆటగాళ్లతో కలిసి పెద్ద జట్లలో ఆడే అవకాశం నల్లజాతి ఆటగాళ్లకు దశాబ్దాలుగా లేదు. ఆ గీతను చెరిపిన మొదటి ఆట మన జెర్సీ సిటీలోనే జరిగింది. మాంట్రియల్ జట్టు తరఫున ఆడిన రాబిన్సన్ ఆ రోజు నాలుగుసార్లు బంతిని విజయవంతంగా కొట్టాడు, అందులో ఒకటి హోమ్ రన్. మరుసటి ఏడు అతడు బ్రూక్లిన్ జట్టులో చేరి దేశమంతటికీ తెలిశాడు. అంతటి చోటును 1985లో కూల్చివేశారు. ఇప్పుడు అక్కడ ఇళ్లున్నాయి. రాబిన్సన్ విగ్రహం జర్నల్ స్క్వేర్ స్టేషను ఎదుట ఉన్నది, కాని అతడు పరుగెత్తిన నేల అది కాదు. విగ్రహం మంచిదే. ఆ మైదానపు మెట్లమీద కూర్చొని ‘ఇక్కడే’ అని చెప్పుకునే అవకాశం మాత్రం మీకు లేదు. కూల్చిన సంవత్సరం న్యాయస్థానం తిరిగి తెరచిన సంవత్సరమే కావడం గమనించండి. ఒకే ఊరు ఒకే ఏడాదిలో ఒకదానిని నిలుపుకున్నది, ఒకదానిని పోగొట్టుకున్నది.

చివరగా ఒక కట్టడం గురించి చెప్పాలి. దానిలో సగం నిలిచింది, సగం ఇంకా ఎటూ తేలలేదు.

లిబర్టీ స్టేట్ పార్కుకు వెళ్లినప్పుడు నది ఒడ్డున ఎర్రని ఇటుకలతో, ఎత్తైన కప్పుతో, పైన గడియారంతో ఉన్న భవనం మీరు చూసే ఉంటారు. స్వేచ్ఛాప్రతిమ దగ్గరకు పడవ ఎక్కేది దాని పక్కనుంచే. అది న్యూజెర్సీ సెంట్రల్ రైల్‌రోడ్డు వారి స్టేషను, 1889లో కట్టినది. ఎల్లిస్ ద్వీపంలో పరీక్షలు ముగిసిన వలసదారులలో లక్షలాది మంది పడవలో ఇక్కడికి వచ్చి, ఇక్కడే రైలెక్కి, పెన్సిల్వేనియా గనులకో, ఇంకా దూరపు ఊళ్లకో వెళ్లారు. మూటలు, పిల్లలు, అర్థం కాని భాష, చేతిలో టిక్కెట్టు. మన తెలుగువారు అధికసంఖ్యలో వచ్చింది 1965 నాటి కొత్త వలసచట్టం తరువాత, అదీ విమానాలలో. అయినా మొదటిసారి ఈ దేశంలో దిగినప్పుడు పెట్టె పక్కన నిలబడి ఎటు వెళ్లాలో తెలియక చూసిన చూపు మీ నాన్నగారికి కూడా గుర్తుండి ఉంటుంది, అడగండి.

20వ శతాబ్దం మొదట్లో ఈ స్టేషను గుండా రోజుకు 30,000 నుండి 50,000 మంది ప్రయాణించేవారు. తరువాత కార్లు పెరిగాయి, రైళ్లు తగ్గాయి. 1967 ఏప్రిల్ 30న స్టేషను మూతపడింది. 1976లో ఆ ప్రాంతమంతా పార్కుగా మారింది, ముందరి భవనాన్ని బాగుచేశారు. 2012లో శాండీ తుపాను నీరు లోపలికి వచ్చి పాడుచేస్తే మళ్లీ బాగుచేశారు.

ముందరి భవనం వెనుకకు నడవండి. అక్కడ ఇనుప కంచె, కంచె అవతల విశాలమైన రైలు షెడ్డు ఉన్నది. లింకన్ బుష్ అనే ఇంజినీరు కనిపెట్టిన పద్ధతిలో 1914లో దానిని కట్టారు. అంతకుముందు స్టేషన్లకు చాలా ఎత్తైన కప్పు వేసేవారు. రైలింజను పొగ కింద నిలిచిపోకుండా పైకి పోవాలని అలా చేసేవారు. బుష్ ఆలోచన వేరు. కప్పును తక్కువ ఎత్తులో వేసి, పట్టాలకు సరిగ్గా పైన పొడవాటి సందులు వదిలాడు. పొగగొట్టం నుండి వచ్చిన పొగ నేరుగా ఆ సందులో నుండి బయటకు పోయేది, ప్రయాణికుని మీద వాన పడేది కాదు. 20 పట్టాల మీద పరచుకున్న ఈ షెడ్డు ఆ పద్ధతిలో కట్టిన వాటిలోకెల్లా పెద్దది.

ఇప్పుడు ఆ సందుల్లోనుండే వాన, ఎండ లోపలికి దిగుతున్నాయి. పట్టాలున్న చోట చెట్లు మొలిచాయి. స్తంభాల కాంక్రీటు లోపల ఇనుప చువ్వలున్నాయి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును లోపలినుండి పగలగొడుతుంది. అందుకే పైకి పెచ్చులూడినట్లు కనిపించే చోట లోపల దెబ్బ ఎక్కువగా ఉంటుంది. ఇంత పెద్ద షెడ్డును బాగుచేయాలంటే చాలా ఖర్చు. బాగుచేశాక దేనికి వాడాలన్న ప్రశ్న కూడా ఉన్నది. లోస్‌కు సినిమా, కచేరీ ఉన్నాయి, న్యాయస్థానానికి కోర్టు ఉన్నది, స్టాన్లీకి ప్రార్థన ఉన్నది. రైళ్లు రాని షెడ్డుకు ఏ పని ఇవ్వాలి? సంత పెట్టాలా, తోటగా ఉంచాలా, శిథిలంగానే పదిలపరచాలా? మీకు తోచినది ఒక కాగితం మీద రాసి, షెడ్డు బొమ్మ గీసి తరగతికి తీసుకురండి. కంచె దగ్గర నిలబడితే రైళ్లు వెళ్లే ఊళ్ల పేర్లు రాసిన బోర్డులు ప్లాట్‌ఫారాల మొదట్లో కనిపిస్తాయి. కనిపించిన పేర్లు కూడా రాసుకోండి.